నరమామిడి లేని లోయ

రేబెకా ఆ పరిశోధన సంస్థ గేటు దాటేసరికి పదకొండు నలభై అయింది. రిజిస్టరులో సంతకం పెట్టి, పక్కన టైము కూడా రాసింది. అందులో టైముకి గడి లేదు. రైల్వే రక్షణ దళంలో ముప్పై రెండేళ్లు పనిచేసి సబ్ ఇన్‌స్పెక్టరుగా రిటైరైన మనిషి కావడంతో, గడి ఉన్నా లేకపోయినా రాయడం ఆమెకు అలవాటు.

ఆమెను అక్కడికి పంపింది సమీర. షాలిమార్ స్టేషను వెనక రేబెకా ఇంటి మేడ మీది గదిలో ఆ పిల్ల మూడేళ్లుగా అద్దెకుంటోంది. ఊరు వరంగల్. న్యూ టౌన్‌లోని ఈ సంస్థలో చెట్ల మీద పరిశోధన చేస్తోంది. ఆ పొద్దున టీ గ్లాసు చేత్తో పట్టుకుని, తాగకుండా, “దేముడు తాత దొంగ కాడు ఆంటీ. మీరొక్కసారి పోయి చూస్తరా?” అని అడిగింది. మూడేళ్లలో ఆమె నోరు తెరిచి ఒకటి కావాలని అడగడం అదే మొదలు.

సంగతేమిటంటే, తూర్పు కనుమల్లో నరమామిడి అనే చెట్టుంది. దాని బెరడు నూరి పట్టు వేస్తే విరిగిన ఎముక తొందరగా అతుక్కుంటుందని కొండల్లో వాళ్ల నమ్మకం. ఆ పొడినే అగరొత్తులకు జిగురుగానూ వాడతారు. అందుకోసం చెట్టు చుట్టూ బెరడు ఒలిచేసి పోయే ముఠాలు తయారయ్యాయి. ఒలిచిన చెట్టు నిలువునా ఎండిపోతుంది. ఇప్పుడు వెతికితే గాని ఒక చెట్టు కనబడదు. సమీర రెండేళ్లు కొండలు తిరిగి మిగిలినవి ఎక్కడున్నాయో రాసుకుంది. ఆ చోట్ల వాన ఎంత, ఎత్తు ఎంత, నేల ఎలాంటిది అన్నవన్నీ కంప్యూటరుకిచ్చి, నరమామిడి ఇంకా ఎక్కడెక్కడ బతకగలదో చూపించే మ్యాపు తయారుచేసింది. బాగా అనువైన చోటుకి ముదురు పచ్చ రంగు, ఓ మాదిరి చోటుకి పసుపు, బతకని చోటుకి తెలుపు. అక్కడల్లా మొక్కలు నాటించాలని ఆమె ఆశ.

మ్యాపు పూర్తయి నెల తిరక్కుండానే ముఠా మూడు చోట్ల దిగింది. పనసవలస, ఉల్లిగెడ్డ, జోడుకొండల లోయ. మొదటి రెండు చోట్లా కలిపి నలభై చెట్లు పోయాయి. సమాచారం ఈ సంస్థ నుంచే బయటికి పోయిందని అందరికీ అర్థమైంది. నింద మాత్రం దేముడి మీద పడింది.

దేముడికి డెబ్బై ఒకటి. పార్వతీపురం దగ్గరి కొండపల్లె నుంచి ఇరవయ్యో ఏట కలకత్తా వచ్చి, మునిసిపాలిటీ పార్కుల్లో తోటమాలిగా చేసి దిగిపోయాడు. ఎముకల కట్టు కట్టడం తండ్రి దగ్గర నేర్చుకున్నాడు. రెండేళ్ల కిందట సమీర మెట్ల మీద జారి మణికట్టు వాచిపోతే, సంస్థలో ఊడ్చి తుడిచే పుష్పరాణి ఆమెను ఖిదిర్‌పూర్‌లోని తన ఇంటికి, తన తండ్రి దేముడి దగ్గరికి తీసుకెళ్లింది. ఈ బెరడు ఏ చెట్టుది తాతా అని సమీర ఆ రోజు అడిగిన ప్రశ్నతోనే ఈ పరిశోధన మొదలైంది. కట్టు విప్పేనాటికి ఆమెకు ఆ ఇంట్లో ఒక కంచం, ఒక గ్లాసు ఏర్పడ్డాయి. ముసలాయన మోకాళ్లు పట్టుకుంటూనే రెండుసార్లు ఆమెతో కొండలు ఎక్కి దిగాడు.

కింది గదిలో దేముడు గోడ పక్కన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. బల్ల మీద గోనెసంచి ఉంది. బల్లకి అవతల కుర్చీలోంచి సురేష్ బాబు చటుక్కున లేచి నిలబడ్డాడు. లేచాక, ఎందుకు లేచానా అన్నట్టు మొహం పెట్టాడు. సంస్థకు కాపలా సిబ్బందిని పంపే ఏజెన్సీలో అతను ఇప్పుడు పెద్ద ఉద్యోగి. ఒకప్పుడు షాలిమార్ యార్డులో రేబెకా కింద కానిస్టేబులు.

“కూర్చో సురేషూ,” అంది రేబెకా.

అతను కూర్చోలేదు. ఎవరినో పిలిచి చక్కెర లేకుండా ఒక టీ తెమ్మన్నాడు. ఆమెకు చక్కెర జబ్బన్న సంగతి మరిచిపోలేదు. ఆ తరవాత గొంతు మార్చి, మూడు గంటలకి పోలీసులు వస్తారనీ, ముసలాయన్ని వాళ్లకి అప్పగించేస్తున్నాననీ, అప్పటిదాకా ఆమె ఏం అడిగినా తనకు అభ్యంతరం లేదనీ చెప్పాడు. ముసలాయనకి ఆ చెట్టు తెలుసు. కొండలు తెలుసు. సమీర రాసుకున్న చెట్ల జాబితా మొత్తం నోటికి వచ్చు. పైగా నిన్న సాయంత్రం ఆయన మంచం కింద ఈ బెరడు సంచి దొరికింది. ఇంతకన్నా ఏం కావాలని అతని ప్రశ్న.

అప్పుడే భుజాన సంచీతో ఒక యువకుడు గుమ్మంలోకి వచ్చాడు. పేరు జయంత్. సమీర పక్క సీట్లో పనిచేస్తాడు. రేబెకాకు నమస్కారం పెట్టి, దేముడి దగ్గరికి వెళ్లి వంగి ఆయన చేతులు పట్టుకున్నాడు. ఆ సాయంత్రం బండికి సమీర కొండలకు వెళ్తోంది. తోడుగా దేముడే వెళ్లాల్సింది. ఇప్పుడాయన ఇక్కడ ఇరుక్కుపోవడంతో జయంత్ వెళ్తున్నాడు.

“మీ బదులు నేను వెళ్తున్నాను తాతగారూ. సమీర గురించి బెంగ పెట్టుకోకండి,” అన్నాడు.

రేబెకా అలవాటు ప్రకారం అతన్నీ నాలుగు ప్రశ్నలు అడిగింది. మ్యాపు మొదటిసారి గోడ మీద పెట్టినరోజు, అంటే మార్చి పన్నెండున, తాను సెలవులో ఉన్నాననీ, వారం తరవాత వచ్చాకే చూశాననీ అతను తడుముకోకుండా చెప్పాడు. ఆమె అది రాసుకుంది. పన్నెండు ఐదుకి అతను వెళ్లిపోయాడు.

రేబెకా సంచి విప్పి బెరడు ముక్కలు బల్ల మీద పరిచింది. ఒక్కొక్కటీ రెండు వేళ్ల వెడల్పు, జానెడు పొడవు. అంచులు పదునైన కత్తితో నిలువుగా కోసినవి. అటవీ సిబ్బంది సమీరకు పంపిన ఫొటోలు ఫోనులో తీసి పక్కన పెట్టింది. ఆ ఫొటోల్లో చెట్లకి నేల దగ్గర నుంచి మనిషి ఎత్తు దాకా చుట్టూ బెరడు లేదు.

“ఇది చెట్టు బతకాలని కోసిన కోత,” అంది. “అది చంపి పట్టుకుపోయిన కోత. రెండూ ఒకే చెయ్యంటావేటి?”

కత్తి మార్చొచ్చు కదా అన్నాడు సురేష్ బాబు. ఆమె వెళ్లి బెంచీ మీద దేముడి పక్కన కూర్చుంది. బెరడు ఎక్కడిదని అడిగింది. ఆయన, తను చివరగా పనిచేసిన పార్కు మూలలో రెండు చెట్లున్నాయనీ, ఊరి నుంచి గింజలు తెచ్చి తనే మొలిపించాననీ చెప్పాడు. చెబితే మునిసిపాలిటీవాళ్లు అనుమతి లేని చెట్లని కొట్టేస్తారేమోనని నిన్నటి నుంచీ నోరు మూసుకున్నాడు. తనని పోలీసులకిస్తారన్న భయం కన్నా ఆ భయమే ఆయనకు ఎక్కువగా ఉన్నట్టుంది.

రేబెకా మూడు ఊళ్ల పేర్లూ ఒక్కొక్కటే చెప్పింది. పనసవలస అంటే తలూపాడు. ఉల్లిగెడ్డ అంటే కళ్లు తుడుచుకున్నాడు. జోడుకొండల లోయ అనేసరికి తలెత్తాడు.

“ఆ లోయలోన నరమామిడి నేదమ్మా. ఎప్పుడూ నేదు. అక్కడంతా రాతి పర్ర. ఆ సెట్టుకి గెడ్డ నీళ్ల పక్కన తడి నేల కావాల. ఆడికెందుకెల్లినారు ఆలు?”

ఆమె లేచి ఫొటోలు మళ్లీ చూసింది. ఆయన మాట నిజం. జోడుకొండల లోయలో ముఠా పొదలు నరికి దారి చేసింది, పొయ్యి పెట్టింది, ఏవేవో చెట్ల మీద కత్తిగాట్లు పెట్టి చూసింది. నరమామిడి ఒక్కటీ దొరకలేదు. రెండు రోజులు ఊరికే తిరిగి వెనక్కి పోయింది.

“సురేషూ, దేముడు పంపిన మనుషులైతే ఆ లోయకి వెళ్లరు. చెట్టు తెలిసినవాడెవడూ వెళ్లడు. కాగితం చూసి వెళ్లినవాళ్లే వెళ్తారు.”

“అయితే మ్యాపు అమ్మాడు. అంతేగా దీదీ.”

“నువ్వు దొంగని పట్టుకోలేదు. దొరికినవాణ్ణి పట్టుకున్నావు.”

అతని మొహం ఎర్రబడింది. యార్డులో నేర్పిన మాటలు ఇంకా తన మీదే వాడతారా అని గొణిగాడు. అయినా తాళం కార్డు తీసి, మ్యాపు గది తలుపు తనే తెరిచాడు. అప్పటికి ఒంటిగంట దాటి పది నిమిషాలు.

గదిలో రెండు కంప్యూటర్లు, ఒక పెద్ద ప్రింటరు, ఎదుటి గోడకి బట్ట తాపడం చేసిన బోర్డు ఉన్నాయి. బోర్డు మీద మ్యాపు. రేబెకా కళ్లజోడు పెట్టుకుని మొదట పనసవలస వెతికింది. ముదురు పచ్చ. ఉల్లిగెడ్డా ముదురు పచ్చే. జోడుకొండల లోయ దగ్గర వేలు ఆగిపోయింది. అక్కడ పచ్చ లేదు. పసుపు కూడా లేదు. ఉత్త తెలుపు.

సురేష్ బాబు కూడా వంగి చూశాడు. ఈ కాగితం చూసినవాడు కూడా ఆ లోయకి వెళ్లడు.

రేబెకా మ్యాపు అంచులు జాగ్రత్తగా పైకెత్తింది. నాలుగు మూలలా నాలుగు పిన్నులున్నాయి. వాటికి బెత్తెడు పైన, బట్ట మీద మరో నాలుగు చిల్లులు. అదే కొలత, అదే దూరం. ఇదే సైజు కాగితం ఇంకొకటి ఈ గోడకి ఎప్పుడో వేలాడింది. ప్రింటరు జాబితా తీయించింది. మార్చి పన్నెండున రెండు షీట్లు వచ్చాయి. ఒకటి పది యాభైకి, రెండోది సాయంత్రం నాలుగు పదిహేనుకి.

ఆమె సమీరకు ఫోను చేసింది. ఒంటిగంటన్నర. ఆ పిల్ల ఇంకా ఇంట్లోనే ఉంది, బట్టలు సర్దుకుంటోంది. అడగ్గానే కాస్త సిగ్గుపడుతూ చెప్పింది. మొదటి షీటు తప్పు. ఎత్తుల లెక్క ఒక మూల పక్కకి జరిగిపోయి, రాళ్ల లోయ ఒకటి పచ్చగా వచ్చింది. మీటింగు నుంచి మూడింటికి వచ్చి చూసి, నాలుక కరుచుకుని, దాన్ని పీకి ముక్కలు ముక్కలుగా చింపేసింది. సరిచేసి రెండోది తీసింది. తప్పు మ్యాపుని ఎవరికీ చూపించలేదు, ఎవరికీ పంపలేదు.

“ఆ రోజు తాత ఇటు రానేలేదు ఆంటీ. డాక్టరు దగ్గరికి పోయిండు,” అని చెప్పి, వెంటనే ఆత్రంగా, “తాత ఏమన్న తిన్నడా?” అని అడిగింది.

తింటాడని రేబెకా మాటిచ్చింది. నిజానికి అప్పటిదాకా ఆ సంగతే తోచలేదు. సురేష్ బాబు చెప్పకుండానే మనిషిని పంపి ముసలాయనకి భోజనం తెప్పించాడు.

ఇప్పుడు ప్రశ్న చిన్నదైపోయింది. మార్చి పన్నెండున, పది యాభై నుంచి మూడు గంటల లోపల, ఈ గదిలోకి ఎవరెవరు వచ్చారు? తలుపు తాళానికి కార్డు తాకిస్తే తప్ప తెరుచుకోదు, తాకించినప్పుడల్లా కంప్యూటరులో నమోదవుతుంది. ఆ లెక్క తీసే మనిషి భోజనానికి వెళ్లి రావడంతో రెండున్నర అయింది. లెక్కలో రెండే పేర్లున్నాయి. సమీర ఒంటిగంట దాకా. ఒంటిగంట ముప్పై ఐదుకి పుష్పరాణి.

సురేష్ బాబు కాగితం బల్ల మీద పెట్టి వేలితో తట్టాడు. పుష్పరాణి దేముడి కూతురు. తండ్రి రాకపోతేనేం, కూతురు ఫొటో తీసి ఇచ్చి ఉంటుంది. అతను గెలిచినట్టు నవ్వలేదు. బరువుగానే చెప్పాడు.

పుష్పరాణిని పిలిపించారు. నలభై ఏళ్ల మనిషి, చీర కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చి నిలబడింది. రేబెకా ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, తను కూడా కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆ రోజు నువ్వొక్కదానివే వచ్చావా అని అడిగింది. పుష్పరాణి అవునంది. ఏ పక్క నుంచి ఊడ్చావని అడిగింది. కిటికీ పక్క నుంచి. మరి నువ్వు ఊడుస్తుంటే తలుపు దగ్గర ఎవరు నిలబడ్డారు అని అడిగింది, అదే గొంతుతో.

పుష్పరాణి కళ్లెత్తి గాజు తలుపులోంచి అవతలి గదిలో తండ్రిని చూసింది. ఆయన కంచం ముందు పెట్టుకుని, కలుపుకోకుండా కూర్చున్నాడు.

“నానే తలుపు తీసినానమ్మా. జయంత్ సారు వొచ్చినారు. కార్డు ఇంటికాడ మర్చిపోనాను, ఒక పుస్తకం కావాలన్నారు. నానూడుస్తన్నాను, సారు ఫోను తీసి గోడకేసి ఎట్టినారు. బయటికెల్తా, నువ్వు నన్ను సూడనేదు పుష్పా, సూస్తే నీ పని పోతాదన్నారు. గోడ సూస్తే తప్పేటుంటాదిలే అనుకున్నాను.”

తండ్రికి కూడా చెప్పలేదా అని రేబెకా అడిగితే, ఆయనకి చెబితే సమీరకి చెప్పకుండా ఉండలేడని ఆమె అంది. చెబుతూ ఏడ్చింది. రేబెకా ఆమె వీపు మీద చెయ్యి వేసి, సెలవులో ఉన్నానన్న జయంత్ మాట రాసుకున్న చోట గీత గీసింది.

“సురేషూ, దేముడి మంచం కింద సంచి ఉందని నీకెవరు చెప్పారు?”

“జయంత్ సారే,” అన్నాడు. అనేసి, తనే నుదురు పట్టుకున్నాడు.

రేబెకా దేముడి దగ్గరికి వెళ్లింది. ఆయన నిర్దోషి అని తేలినట్టు ముందు చెప్పింది. ఆయన పెద్దగా పట్టించుకోలేదు. తరవాత ఆమె అసలు సంగతి అడిగింది. రెండు చోట్ల చెట్లు పోయాయి, మూడో చోట లేనే లేవు, మరి సమీర ఇప్పుడు ఏం చూడ్డానికి కొండలకు వెళ్తోంది?

“తల్లిసెట్లమ్మా,” అన్నాడాయన, చాలా మెల్లగా. “మా నాన్న సూపించిన సోటు. మూడొందలకి పైనుంటాయి. నాను పిల్లకి సూపించినాను. కాగితమ్మీద ఎట్టొద్దమ్మా అన్నాను. పిల్ల ఎట్టనేదు.”

కంప్యూటరులో లేదు. గోడ మీద లేదు. ఈ లోకంలో ఆ చోటు తెలిసినవాళ్లు ఇద్దరే. ఆ చెట్ల మీద ముఠా పడకముందే అటవీ అధికారిని స్వయంగా తీసుకెళ్లి చూపించి, కాపలా పెట్టించాలని సమీర బయల్దేరింది. ఇద్దరిలో ఒకరిని జయంత్ ఈ గదిలో కూర్చోబెట్టాడు. రెండోవారికి తను తోడు వెళ్తున్నాడు.

గోడ గడియారంలో మూడు ఐదు. బండి మూడు ఇరవైకి.

సమీర ఫోను స్విచాఫ్. న్యూ టౌన్ నుంచి షాలిమార్‌కి ఎంత తొందరగా వెళ్లినా గంట. రేబెకా భర్తకి ఫోను చేసింది. శామ్సన్ రిటైరైన లోకో పైలట్, అరవై ఎనిమిదేళ్లవాడు, ఎడమ మోకాలు సరిగా వంగదు. సమీరను ప్లాట్‌ఫారం దాకా దింపి, ఇంటికి నడిచి వస్తూ స్టేషను గేటు దగ్గర ఆగి ఎవరితోనో మాట్లాడుతున్నాడు. ఆమె మూడు మాటల్లో చెప్పింది. ఆ అబ్బాయి దొంగ. పిల్లని బండి ఎక్కనివ్వకు. పరుగెత్తు.

ఆయన ఎందుకని అడగలేదు. నలభై ఏళ్ల కాపురంలో ఆమె ఆయన్ని పరుగెత్తమనడం ఇదే మొదలు. ఫోనులో చెప్పుల చప్పుడు, ఆయాసం, ఎవరో పక్కకి తప్పుకోమని బెంగాలీలో కేకలేయడం వినిపించి, లైను తెగిపోయింది.

షాలిమార్ యార్డులో ఫోను ఎవరూ ఎత్తకపోవడంతో సురేష్ బాబు అప్పటికే, బండి ఆగబోయే ఖరగ్‌పూర్‌లో రైల్వే దళంలోని పాత స్నేహితులకి ఫోన్లు కలుపుతున్నాడు. దేముడి కోసం వస్తున్న పోలీసులకి రావద్దని చెప్పాడు. మూడు ఇరవై అయింది. మూడున్నర అయింది. రేబెకా కుర్చీలో కూర్చోలేక లేచి, కిటికీ దాకా వెళ్లి, మళ్లీ వచ్చింది. ఆ మోకాలితో ఆయన్ని పరుగెత్తించానే అన్నది ఒక్కటే మనసులో తిరుగుతోంది. పుష్పరాణి మంచినీళ్లు తెచ్చి చేతికిచ్చి, అక్కడే నిలబడిపోయింది.

మూడు నలభై రెండుకి ఫోను మోగింది.

“బండిలో ఉన్నాను,” అన్నాడు శామ్సన్. రొప్పు ఇంకా తగ్గలేదు. “నానెల్లేసరికి కదిలిపోతన్నాది. గార్డు పెట్టె ముందుది పట్టుకుని ఎక్కీసినాను. ఇన్నేళ్లు బండి నడిపి, టిక్కెట్టు నేకుండా ఎక్కడం ఇయ్యాలే.”

“దెబ్బ తగిలిందా?”

“నేదులే. సాంత్రాగాచ్చి దాటీసింది. పెట్టెలన్నీ దాటుకుని పిల్ల దగ్గరికి వొచ్చినాను. నన్ను సూసి ఎంత సంబరపడిందో. మిమ్మల్ని ఖరగ్‌పూర్ దాకా సాగనంపుదామని ఎక్కీసినానని సెప్పినాను.” గొంతు తగ్గించాడు. “ఇప్పుడు తలుపుకాడున్నాను, ఇను. పిల్ల ఫోను ఆడి జేబులో ఉన్నాది, సార్జింగెట్టి ఇస్తానన్నాడట. ఎదర సీట్లో ఇంకిద్దరున్నారు. ఆడూ ఆ ఇద్దరూ ఒక్క ముక్క మాటాడుకోరు, మొహాలు సూసుకోరు. గాని టీటీ వొచ్చినప్పుడు సూసినాను రేబెకా. ముగ్గురిదీ ఒకటే టిక్కెట్టు.”

రేబెకా సురేష్ బాబుకి మూడు వేళ్లు చూపించింది. దొంగలు ముగ్గురని అతను అర్థం చేసుకుని ఖరగ్‌పూర్‌వాళ్లకి ఆ మాట చెప్పడం మొదలుపెట్టాడు.

“ఖరగ్‌పూర్‌లో మనవాళ్లు ఎక్కుతారు,” అంది ఆమె. “అప్పటిదాకా నువ్వు ఆ పిల్ల పక్క నుంచి లెగకు. ఏటన్నా సరే.”

“లెగను. నువ్వు కంగారు...”

మాట మధ్యలో ఆగింది. పట్టాల మీద చక్రాల చప్పుడు వినిపిస్తోంది. దాని మీదుగా ఇంకో గొంతు, దగ్గరగా, ఎంతో మర్యాదగా, ఆంటీయేనా అంకుల్, ఒకసారి ఇలా ఇవ్వండి అంటోంది. ఫోను ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మారిన చప్పుడైంది.

“ఆంటీ, నమస్తే. జయంత్‌ని,” అన్నాడు అతను, పొద్దున దేముడి చేతులు పట్టుకుని మాట్లాడిన గొంతుతోనే. “మీరేం బెంగ పెట్టుకోకండి. అంకుల్‌ని కూడా మాతోపాటు కొండల దాకా తీసుకెళ్తున్నాం.”